‘బాగుందండీ’ అన్నాక

మా ఊళ్ళో ఒక డ్రాయింగు మాస్టారున్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. ఇంటి వరండాలో, మడతమంచం పక్కన, నీటిరంగుల బొమ్మలు దొంతరగా పెట్టి పైన పాత క్యాలెండరు కప్పి ఉంచుతారు. నిరుడు సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ క్యాలెండరు తీసి ఒక్కొక్కటీ చూపించారు. ఎక్కువ మామిడితోటలే. మధ్యలో ఒక చెరువు, ఒక పశువుల పాక. నేను ప్రతిదానికీ "చాలా బాగుందండీ" అంటూ వచ్చాను. పదో పదకొండో అయ్యాక ఆయన చూపించడం ఆపేసి దొంతర సర్దేశారు.

"బాగుందని అందరూ అంటారు బాబూ. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనరు."

కోపంగా అనలేదు. రేషన్ కార్డు సంగతి చెప్పినట్టు మామూలుగా అన్నారు. నాకే ముఖం చెల్లలేదు. నాలుగైదేళ్ళుగా బొమ్మల గురించీ పుస్తకాల గురించీ రాస్తున్నవాణ్ణి. ఎదురుగా ముప్పై బొమ్మలుంటే, ‘బాగుంది’ తర్వాత చెప్పడానికి నా దగ్గర నిజంగానే రెండో మాట లేదు. మా ఆఫీసులో ఒకడు రాసిన కోడ్‌ని ఇంకొకడు చూసి వ్యాఖ్యలు రాయకపోతే అది ముందుకు పోదు. అలా చూసేవాడు చదవకుండా ‘బాగుంది’ అని కొట్టేస్తే అందరికీ తెలిసిపోతుంది, నవ్వుకుంటాం. మాస్టారి వరండాలో నేను చేసిందీ అదే పని.

బాపులపాడు అంటే చాలామందికి తెలియదు, హనుమాన్ జంక్షన్ అంటే తెలుస్తుంది. ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది కాబట్టి. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే హైవే మీద బస్సులు ఆగి కదిలే చోటు. ఒకవైపు రోడ్డు నూజివీడుకి, ఇంకోవైపు గుడివాడకి. గుడివాడ వైపు నల్లనేల, వరి. నూజివీడు వైపు కాస్త దూరం వెళ్ళేసరికి నేల ఎర్రబడుతుంది, మామిడి మొదలవుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, మేం కృష్ణాలో ఉండిపోయాం. తోటలకి ఆ సంగతి తెలియదనుకోండి.

ఇక్కడ బొమ్మలు వేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. డ్రాయింగు మాస్టార్లున్నారు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె వదిలేసి కంప్యూటరు ముందు కూర్చున్న బోర్డు పెయింటర్లున్నారు. వీళ్ళలో ఎవరైనా పేరు తెచ్చుకున్నారంటే, ముందు ఊరు వదిలారన్నమాట. అరగంట దూరంలోని గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసు, లండన్ మీదుగా షికాగో చేరాడు. నైరూప్య చిత్రకారుడిగా పేరు పొందాడు, 2001లో పద్మశ్రీ వచ్చింది. గుడివాడ బస్టాండులో ఆయన పేరు చెబితే ఎంతమంది గుర్తుపడతారో నేను పందెం కాయను. ఉన్న ఊళ్ళోనే ఉండి బొమ్మలు వేయాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్న అడిగితే వెంటనే వచ్చే సమాధానాలు గ్యాలరీ కావాలి, ప్రభుత్వం పట్టించుకోవాలి, అవార్డులివ్వాలి. నేనూ అలాగే అనేవాణ్ణి. మాస్టారి మాట విన్నాక మన చిత్రకళ చరిత్రని మళ్ళీ చదివితే వేరే సంగతి కనబడింది.

ఆంధ్రలో ఆధునిక చిత్రకళ కథ రాజమండ్రిలో మొదలుపెడతాం. దాన్ని దామెర్ల రామారావు ప్రతిభ కథగా చెప్పుకుంటాం. 1897లో పుట్టాడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు, 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. కథ అంత పొట్టిగానూ అంత బాధగానూ ఉంటుంది కాబట్టి అంతకుముందు జరిగిన దాని మీద మన చూపు నిలవదు. 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. ఆయనా బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్ళ పేర్లు చూడండి: దామెర్ల, వరదా వెంకటరత్నం, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు. ఒకడు చిత్రకారుడయ్యాడు, ఒకడు కవి అయ్యాడు, బాపిరాజు అన్నీ అయ్యాడు. దామెర్లని బొంబాయి పంపించడంలో కూల్డ్రే చెయ్యి ఉందని అందరూ రాస్తారు. నాకు అంతకన్నా ముఖ్యమైనది, బొంబాయి వెళ్ళేలోపు ఆ కుర్రాడి బొమ్మల్ని శ్రద్ధగా చూసి మాట్లాడే మనిషి ఒకడు ఊళ్ళో ఉండటం. ఆ మాట్లాడేవాళ్ళలో బొమ్మలు వేయనివాళ్ళు కూడా ఉండటం.

‘సిద్ధార్థ రాగోదయం’ అనే దామెర్ల బొమ్మ పేరే చూడండి. బుద్ధుడి కథలో అందరూ వైరాగ్యం పుట్టిన క్షణం వెతుక్కుంటారు. ఈయన అనురాగం పుట్టిన క్షణం ఎంచుకున్నాడు. ఇలాంటి ఎంపిక గదిలో ఒక్కడే కూర్చున్న మనిషికి తట్టదని నేను బల్లగుద్ది చెప్పలేను. అయినా కవులూ కథకులూ రోజూ పక్కన కూర్చునే చోట తట్టడానికి అవకాశం ఎక్కువ అనుకుంటాను.

దామెర్ల పోయాక వరదా వెంకటరత్నం ఆ బడినీ బొమ్మల్నీ దశాబ్దాల పాటు కాపాడాడు. దామెర్ల బొమ్మలు ఇవాళ రాజమండ్రి గ్యాలరీలో మనం చూడగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు పెద్దది. కానీ నా అంచనా ఒకటుంది, కొందరికి నచ్చకపోవచ్చు. ఆ స్నేహం, ఆ భక్తి బొమ్మల్ని నిలబెట్టాయి గానీ వాదనని నిలబెట్టలేదు. గురువు చనిపోయిన చోట ఆయన పద్ధతే నియమం అవుతుంది. బతికుంటే తన పద్ధతిని తనే మార్చుకోగలిగిన వయసువాడి దగ్గర అది ఆగిపోయింది. కాదనేవాడు లేకపోతే బడి క్రమంగా గుడి అవుతుంది.

బందరుది ఇంకో దారి. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ ఛటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పాడు. బాపిరాజు అక్కడా శిష్యుడే, తర్వాత అక్కడే ప్రిన్సిపాలయ్యాడు. 1924 నుంచి ‘భారతి’ పత్రిక రంగుల్లో అచ్చేసిన బొమ్మలు పల్లెల్లోకీ వెళ్ళాయి. బందరు గురించి ఇంతకన్నా రాయాలంటే అది వేరే వ్యాసం.

నేను ఆగిపోయింది తుమ్మపూడి దగ్గర. పసుపు మార్కెట్టు ఉన్న దుగ్గిరాల పక్కన చిన్న ఊరు. సూర్యదేవర సంజీవదేవ్ 1914లో అక్కడ పుట్టి, హిమాలయాల దాకా తిరిగి, కులూ లోయలో నికొలాస్ రోరిక్ ఇంట్లో ఉండి, మళ్ళీ అదే ఊరికొచ్చి 1999లో పోయేదాకా అక్కడే బతికాడు. బొమ్మలు వేశాడు, ఫొటోలు తీశాడు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కళ గురించి రాశాడు. అన్నిటికన్నా ఎక్కువగా ఉత్తరాలు రాశాడు. పేరున్నవాళ్ళకీ, ఎవరికీ తెలియని కుర్రాళ్ళకీ. ‘లేఖల్లో సంజీవదేవ్’ తిరగేస్తే ఆ మనిషి రోజులో ఎంత భాగం ఇతరుల బొమ్మలకీ రాతలకీ పోయిందో అర్థమవుతుంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యులకి కార్డుల మీద బొమ్మలు వేసి పంపేవాడు, అవి ఇవాళ మ్యూజియం వస్తువులు. సంజీవదేవ్ పంపిన మాటలు మాత్రం ఎన్నో ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున పడి ఉంటాయి.

కళాభవన్ లేదు, కాలేజీ లేదు. ఉన్నది ఒక ఇల్లు, ఒక పోస్టాఫీసు. బొమ్మల గురించి నలుగురు మాట్లాడుకునే చోటుకి ఇంతకన్నా తక్కువ పెట్టుబడితో జరిగిన ప్రయోగం మన దగ్గర ఇంకోటి నాకు తెలియదు. ఆయన జ్ఞాపకాలు ‘తెగిన జ్ఞాపకాలు’, ‘స్మృతిబింబాలు’, ‘గతంలోకి’ పేర్లతో వచ్చి తర్వాత ‘తుమ్మపూడి’గా ఒకచోట చేరాయి. అందులో మనుషులు వస్తూ పోతూ ఉంటారు, మాటలు నడుస్తూ ఉంటాయి. అంత తిరిగిన మనిషి జ్ఞాపకాల పుస్తకానికి చివరికి సొంత ఊరి పేరే ఉండటం నాకు చాలా ఇష్టం.

అయితే మొదటిసారి చదివినప్పుడు నాకు ఆయన మీద ఒక ఫిర్యాదు ఉండేది. ఆయన మెచ్చుకుంటాడు. దాదాపు ఎప్పుడూ మెచ్చుకుంటాడు. ఒక బొమ్మలో ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో చెప్పే సంజీవదేవ్‌ని నేను చదివినంతలో చాలా అరుదుగా చూశాను. వాక్యం లయగా సాగుతుంది, బొమ్మ నుంచి ప్రకృతికీ, ప్రకృతి నుంచి చైతన్యానికీ వెళ్ళిపోతుంది. తిరిగి బొమ్మ దగ్గరికి రాదు. ‘ఇది కూడా బాగుందండీ మాటే, కాకపోతే అందమైన బాగుందండీ’ అని పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్నాను. ఆ పొగరు వయసుది అనలేను, అప్పటికే నాకు ముప్పై దాటింది.

ఇంకో ఫిర్యాదు కూడా: అంతా ఒక్క మనిషి మీదుగా నడిచింది. ఉత్తరం తుమ్మపూడికి వెళ్ళేది, తుమ్మపూడి నుంచి వచ్చేది. రాసినవాళ్ళు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకున్నారో తెలియదు. ఆయన పోయాక ఆ దారి ఆగిపోయింది. అదే కాలంలో మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ చుట్టూ ఉన్న చిత్రకారులు ‘ఆర్ట్‌రెండ్స్’ అని చిన్న పత్రిక నడిపారు. 1966లో సముద్రం ఒడ్డున చోళమండలం అనే ఊరే కట్టుకున్నారు. పోట్లాడుకున్నా పక్కిళ్ళలోనే ఉన్నారు. మనకి రాజమండ్రిలో సంస్థ దొరికింది, తుమ్మపూడిలో సంభాషణ దొరికింది. రెండూ ఒకచోట దొరకలేదు.

ఇదంతా మాస్టారికి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఏమంటావ్?" అన్నారు. అక్కడి నుంచి మొదలైంది.

మా దూరపు చుట్టం ఒకాయనకి నూజివీడు రోడ్డులో తోట, తోటలో కాయల షెడ్డు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అందులో కాలు పెట్టడానికి ఉండదు. మిగతా తొమ్మిది నెలలూ ఖాళీ ట్రేలు, గడ్డి, ఎలకలు. జులై తర్వాత రెండు వారాలకో ఆదివారం అక్కడ కలుద్దామనుకున్నాం. ఒకసారికి ఒకటే బొమ్మ. ట్రేలు నాలుగు పేర్చి దాని మీద నిలబెడతాం. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. వేసిన మనిషి చివరిదాకా మాట్లాడకూడదు. ‘బాగుంది’, ‘బాగోలేదు’ అన్నవాళ్ళు పది రూపాయలు టీ ఖర్చులో వెయ్యాలి. ఏడుగురు వచ్చారు. మాస్టారు, జంక్షన్‌లో ఫ్లెక్సీలు చేసే పాత బోర్డు పెయింటరు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే ఒక అమ్మాయి, ఆ అమ్మాయి స్నేహితురాలు, మా అమ్మ, నేను. షెడ్డు తనది కాబట్టి తోట బాబాయి.

మొదటి బొమ్మ మాస్టారిదే. మామిడితోట, మధ్యాహ్నం. పది నిమిషాలు చాలా పొడుగ్గా గడిచాయి. మనం బొమ్మని నిజానికి ఎంత తక్కువసేపు చూస్తామో ఆ రోజు తెలిసింది. రెండు నిమిషాలకే నా చూపు అయిపోయింది. ఆ తర్వాతి ఎనిమిది నిమిషాల్లోనే బొమ్మ కనబడటం మొదలైంది.

మొదట మాట్లాడింది బాబాయి. "ఇది రసాల తోటా, బంగినపల్లా?"

నియమం ప్రకారం మాస్టారు మాట్లాడకూడదు. అయినా ఆగలేక, "తోటండీ, అంతే" అన్నారు.

"తోట, అంతే అంటే ఎట్టా మాస్టారూ? పైగా దీంట్లో సాలు లేదు. ఇక్కడో చెట్టు, అక్కడో చెట్టు. మనిషి వేసిన తోటయితే ఎటు నుంచి చూసినా ఏదో ఒక సాలు కంటికి దొరకాలి. ఇది తోట కాదు, అడివి."

మేం నవ్వాం. కానీ ఆ మాట పట్టుకుని బొమ్మని మళ్ళీ చూస్తే నిజమే. పాత తోటల్లో మొక్కకీ మొక్కకీ ముప్పై నలభై అడుగుల కొలత పెట్టి నాటతారు. లోపల నిలబడి తల కొంచెం తిప్పితే ఒక వరస మూసుకుని ఇంకో వరస తెరుచుకుంటుంది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మాస్టారి బొమ్మలో చెట్లు అందంగా గుంపు కట్టాయి, ఇంగ్లీషు ప్రకృతి దృశ్యాల్లో కట్టినట్టు. లోచూపు సూత్రాలు క్లాసులో ముప్పయ్యేళ్ళు చెప్పిన మనిషి, ఆ సూత్రం కళ్ళ ముందు నేల మీద నాటి ఉన్న చోట దాన్ని వదిలేశారు.

తర్వాత బోర్డు పెయింటరు లేచి దగ్గరికెళ్ళి చూశాడు. "నీడలో నీలం పడింది మాస్టారూ. మన దగ్గర నేల ఎర్రది. ఎండ నేల మీద పడి కింద నుంచి మళ్ళీ పైకి కొడుతుంది. చెట్టు కింద నీడ ఇటుకపొడి కలిసినట్టుంటుంది, నీలంగా ఉండదు."

అమ్మ చివరిదాకా మాట్లాడలేదు. బలవంతం చేస్తే, "ఎక్కడా ఖాళీ వదల్లేదు, ముగ్గులో ఇట్టా నింపేస్తే చుక్కలు కనపడవు" అంది. అరవయ్యేళ్ళుగా రోజూ పొద్దున్నే నేల మీద గీత గీస్తున్న మనిషి. ఆవిడ అభిప్రాయాన్ని చిత్రకళ గురించిన అభిప్రాయంగా నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను గదా అని గొప్పకి చెప్పడం లేదు, అడగకపోవడం ఎంత మామూలో చెబుతున్నాను.

మాస్టారు బొమ్మ తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. "నేను వేసే పద్ధతి పుస్తకాల్లో చూసి నేర్చుకున్నది. ఆ పుస్తకాల్లో నీడ నీలమే. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు చెప్పలేదే" అన్నారు. ఎవరి మీద నిష్ఠూరమో తెలియలేదు. చెప్పనివాళ్ళ మీదా, చెప్పినవాళ్ళ మీదా? తర్వాతి రెండు ఆదివారాలూ ఆయన రాలేదు.

ఇక్కడ నాకు భయం వేసింది. రిటైరైన మనిషికి ఉన్న ఒకే ఒక్క వ్యాపకాన్ని మేం ఆరుగురం కలిసి ఒక గంటలో పాడుచేశామా? ‘బాగుందండీ’ అబద్ధమైనా దయ గల అబద్ధం కదా? విమర్శ మంచిదని పట్నంలో కూర్చుని రాయడం సులువు. చిన్న ఊళ్ళో, విమర్శించినవాడూ విమర్శ పడ్డవాడూ రేపు పొద్దున అదే టీకొట్టు దగ్గర ఎదురవుతారు. సన్మానాల భాష, శాలువాల భాష మన దగ్గర అంతగా పెరగడానికి కారణం కపటం ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది. అందులో భయం ఉంది, మర్యాద ఉంది, రేపు మళ్ళీ కలిసి బతకాలన్న లెక్క ఉంది.

మాస్టారు లేని రెండో ఆదివారం ఇంకో సంగతి జరిగింది. ఎస్.వి. రామారావు బొమ్మ ఒకటి నెట్‌లోంచి తీసి, మన పెయింటరు మెషీన్ మీదే పెద్దగా ప్రింటు కొట్టించి పెట్టాను. గుడివాడ ఆయన బొమ్మ గుడివాడ రోడ్డుకి తిరిగొచ్చిందన్న సంబరం నాది. అందులో వస్తువేదీ లేదు. రంగు మీద రంగు, లోపలి నుంచి వస్తున్నట్టు వెలుగు. పది నిమిషాలు గడిచాయి. ఎవరూ మాట్లాడలేదు. ఇంకో ఐదు గడిచాయి. బాబాయి, "ఇది ఏంటో చెబితే గదా ఏదన్నా అనడానికి" అని బయటికెళ్ళి బీడీ కాల్చుకున్నాడు. పెయింటరు, "ఇంకు ఆరిన తర్వాత కొంచెం డల్లయింది" అన్నాడు, అది ప్రింటు గురించి. నేను ఏదో చెప్పబోయి, నా గొంతులో లెక్చరు వినబడి ఆపేశాను.

సాలు, నేలరంగు, చెట్టు రకం. మాకు దొరికిన మాటలన్నీ బొమ్మలో వస్తువు ఉంటేనే పనికొచ్చేవి. వస్తువు పోగానే మూగబోయాం. మొదటి ఆదివారం మేం సాధించిందనుకున్న దానిలో సగం విమర్శ కాదు, సరిచూడటం. ఇలాగే నడిస్తే ఈ షెడ్డులో మామిడాకుని మామిడాకులా వేసినవాడే గెలుస్తాడు. గుడివాడ కుర్రాడు ఇప్పుడు పుట్టినా మళ్ళీ మద్రాసు బస్సు ఎక్కాల్సిందే.

ఆ రాత్రి సంజీవదేవ్‌ని మళ్ళీ తీశాను. నాకు చిరాకు తెప్పించిన వాక్యాలే. బొమ్మ నుంచి లయకీ, లయ నుంచి నిశ్శబ్దానికీ వెళ్ళే వాక్యాలు. ఈసారి అవి వేరేగా కనిపించాయి. కనిపించే వస్తువు పేరు ఎత్తకుండా ఒక రంగు మనసులో చేసే పనిని తెలుగులో చెప్పడానికి ఆయన వాక్యాలు తయారుచేసుకుంటున్నాడు. కొన్ని కుదిరాయి, కొన్ని గాలిలో తేలిపోయాయి. కానీ షెడ్డులో మా ఆరుగురికీ ఆ రోజు లేనివి సరిగ్గా అవే. పెన్సిలుతో రాసుకున్న మాట చెరపలేదు. దాని కింద తేదీ వేసి ఇంకో మాట రాసుకున్నాను. ఆయన తప్పులు చూపించలేదన్న ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. ఆయన చేసిన పని బాబాయి చేయలేడు, బాబాయి చేసిన పని ఆయన చేయలేదు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే ఎలా ఉండేదో ఊహించుకోవడం నాకు ఈ మధ్య అలవాటైంది. బాబాయి తప్పకుండా ఆయన్ని పసుపు రేటు అడిగేవాడు.

తర్వాతి వారం మాస్టారింటికి వెళ్ళాను. ఆయన లేరు. "తోటకెళ్ళారు బాబూ, మూడు రోజుల నుంచీ పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా రావట్లే, ఎండలో" అన్నారు వాళ్ళావిడ, కొంచెం నా వైపు అదోలా చూస్తూ. బాబాయి తోటలోనే ఉన్నారు, షెడ్డు వెనక, ప్లాస్టిక్ కుర్చీ మీద. మోకాళ్ళ మీద అట్ట. నన్ను చూసి అట్ట తిప్పెయ్యలేదు. వేస్తున్న బొమ్మ, నిజం చెప్పాలంటే, పాతవాటికన్నా అధ్వాన్నంగా ఉంది. నీలం తీసేసి ఎరుపు కలిపారు, కలిపి కలిపి నీడంతా బురదయిపోయింది. సాలు కోసం స్కేలు పెట్టి గీసినట్టు చెట్లు నిలువునా నిలబడ్డాయి. పాత బొమ్మల్లో ఉన్న తేలికతనం, నీరు కాగితం మీద తనంతట తాను పాకిన సుఖం, ఏదీ లేదు.

"ఏమంటావ్?" అన్నారు.

పది రూపాయల నియమం గుర్తొచ్చింది. "నీడ బరువెక్కింది మాస్టారూ. పాతదాంట్లో నీలం తప్పే గానీ గాలి ఆడేది."

ఆయన చాలాసేపు కాగితం వంక చూశారు. "గాలి ఆడేది" అని తనలో తను ఒకసారి అనుకున్నారు. ఆ మాట సంజీవదేవ్‌దా నాదా అని తర్వాత వెతికాను, దొరకలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆయన సంచితో షెడ్డుకి వచ్చారు. తోట అప్పటికి నిండా పూత మీద ఉంది. ట్రేల మీద కొత్త బొమ్మ పెట్టారు. అందులో చెట్లు పచ్చగా లేవు. బూడిద కలిసిన పసుపు, మధ్యమధ్య రాగిరంగు చిగురు. కింద నేలలో సగం కాగితం తెల్లగా వదిలేశారు. పది నిమిషాలు మొదలయ్యాయి. బయట తేనెటీగల చప్పుడు లోపలికి వినిపిస్తోంది. ఎనిమిదో నిమిషంలో బాబాయి ఆగలేక లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. వంగి, కళ్ళద్దాలు పైకెత్తి, ఎడమవైపు మూల వేలు పెట్టకుండా చూపిస్తూ అడిగాడు.

"ఈ చెట్టుకి పూత రాలేదేం మాస్టారూ?"

నియమం ప్రకారం మాస్టారు మాట్లాడకూడదు. మాట్లాడలేదు.